గిన్నెలు తగిలించే రాడ్: కొనేముందు గోడ సంగతి చూడండి

గిన్నెలు తగిలించే రాక్ కోసం బేగంబజార్ వెళ్లేముందు వంటింటి సామానంతా తీసి గట్టు మీద పెట్టండి. మన గిన్నెలకు, టోపులకు పిడి ఉండదు, తగిలించడానికి చిల్లూ ఉండదు. వేలాడేవి దోసె పెనం, చెవులున్న బాండీ, జల్లిగరిటె, పిడి ఉన్న జల్లెడ లాంటివే. వాటిని మాత్రమే తూచండి. పోత ఇనుము పెనం ఒక్కటే రెండు కిలోల దాకా తూగుతుంది. అలాంటివి మూడు, పైన చిన్న సామాను కలిపితే పది కిలోలు.

పైనుంచి గొలుసులతో దిగే చట్రం అపార్ట్‌మెంట్ వంటింటికి నప్పదు. చేతికందేలా పెడితే తలకు తగులుతుంది, తలకు తగలకుండా పెడితే చేతికందదు. ఫాల్స్ సీలింగ్‌లోని జిప్సం బోర్డు ఆ బరువు ఆపదు. దాన్ని దాటి స్లాబ్‌లో డ్రిల్ చేద్దామంటే లోపల కరెంటు పైపులు ఉంటాయి. గట్టు పైన గోడకు బిగించే రాడ్డే మేలు, అక్కడ ఎవరూ నడవరు కదా. నేల నుంచి ఆరడుగుల ఎత్తున పెడితే, అడుగున్నర పొడవు పెనం తగిలించాక కూడా గట్టుకూ దానికీ మధ్య దాదాపు అడుగున్నర ఖాళీ మిగులుతుంది. పొయ్యికి నేరుగా పైన మాత్రం వద్దు. తాలింపు పొగకు వారంలోనే జిడ్డు పడుతుంది. రెండడుగులు పక్కకు జరపండి.

అసలు చిక్కంతా గోడతోనే. చిన్న చిల్లు వేసి రాలిన పొడి చూడండి. ఎర్రగా ఉంటే ఇటుక, బూడిద రంగులో గట్టిగా వస్తే కాంక్రీట్. ఈ రెండింటిలో 8 ఎంఎం ఫాస్టెనర్ (చిల్లులో బిగించేకొద్దీ విచ్చుకునే ఇనుప బోల్టు) బాగా పట్టుకుంటుంది. తెల్లగా, మెత్తగా, డ్రిల్ వెన్నలో దిగినట్టు దిగితే అది ఏఏసీ బ్లాకు, అంటే లోపల గాలి బుడగలున్న తేలికపాటి సిమెంటు దిమ్మె. కొత్త అపార్ట్‌మెంట్లలో చాలావరకు ఇవే. మామూలు ప్లాస్టిక్ గట్టా (స్క్రూ పట్టడానికి చిల్లులో దూర్చే ముక్క) వేస్తే మొదట బిగువుగానే ఉంటుంది, పెనం తీసి పెట్టినప్పుడల్లా కదిలి కదిలి చిల్లు పెద్దదై ఊడొస్తుంది. దీనికి ఏఏసీ బ్లాకుల కోసమే చేసిన పొడవాటి నైలాన్ ఫిక్సింగులు అడగండి, డ్రిల్‌లో హ్యామర్ (గుద్దుతూ తొలిచే పద్ధతి) ఆపి చిల్లు వేయించండి. టైల్ ఉంటే ఏ గోడకైనా ఇదే పద్ధతి: మాస్కింగ్ టేప్ అంటించి, టైల్ బిట్‌తో, హ్యామర్ లేకుండా టైల్ దాటాలి. లేకపోతే పగులుతుంది. స్విచ్‌బోర్డుకు నిలువుగా పైనా కిందా అసలు ముట్టుకోవద్దు, వైర్లు ఆ దారినే వెళ్తాయి.

రాడ్ 304 గ్రేడ్ స్టీలు, 25 ఎంఎం పైపు తీసుకోండి. 202 చవకే గానీ వంటింటి తడికి మచ్చలు పడుతుంది. అయస్కాంతం పెట్టి చూస్తే ఈ రెండిటికీ తేడా తెలియదు, రెండూ దాదాపు అంటుకోవు. అందుకే బిల్లు మీద గ్రేడ్ రాయించుకోండి. రెడీమేడ్ కొలతలు కుదరకపోతే వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. రాడ్ గోడకు నాలుగంగుళాల దూరం ఉండాలి, లేకపోతే బాండీ అంచు టైల్‌కు కొట్టుకుంటుంది. నాలుగడుగుల రాడ్‌కు మూడు బ్రాకెట్లు వేయించండి. ఎస్ కొక్కేలు 4 ఎంఎం కన్నా సన్నవి వద్దు. పై కొసను ప్లయర్‌తో కాస్త నొక్కితే పెనంతోపాటు కొక్కెం ఊడి చేతికి రాదు.

బరువైనవి బ్రాకెట్ల దగ్గర, తేలికవి మధ్యలో. ఇనప సామాను తడి తుడిచి, నూనె చేయి రాసి తగిలించండి. బిగించిన రోజే ఏమీ పెట్టకండి. ముందు 25 కిలోల బియ్యం సంచిని తాడుతో రాడ్‌కు కట్టి, నేలకు ఆనకుండా, రాత్రంతా వేలాడనివ్వండి. పొద్దున బ్రాకెట్‌కూ టైల్‌కూ మధ్య పేపరు దూరేంత సందు కనిపించినా, ఫాస్టెనర్ మార్చాల్సిందే.