కాపిస్ట్రానోకు రూబీ ప్రోగ్రామ్ నుంచి ఆర్గ్యుమెంట్లు పంపడం

టెర్మినల్‌లో చేత్తో టైపు చేసి నడిపే డిప్లాయ్‌మెంట్‌ను ఒక రూబీ ప్రోగ్రామ్‌కు అప్పగించినప్పుడు, గిట్‌లోని ఏ బ్రాంచిని (కోడ్ శాఖను) ప్రొడక్షన్ వంటి ఏ స్టేజికి పంపాలో ఆ ప్రోగ్రామే, కోడ్‌ను సర్వర్లకు చేర్చే రూబీ సాధనమైన కాపిస్ట్రానోకు చెప్పాలి. కాపిస్ట్రానో రెండవ వెర్షన్‌లో ఇందుకు డాష్ ఎస్ (-s) అనే ఆప్షన్ ఉండేది. టాస్క్‌లు అనే పనులను నడిపే రూబీ సాధనమైన రేక్ మీద తిరిగి నిర్మించిన మూడవ వెర్షన్‌లో అది లేదు కనుక, విలువలను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రాసెస్‌కు బయటి నుంచి అందే పేరు-విలువల జతలు) ద్వారా పంపడమే తిన్నని దారి.

ముందు విలువను అందుకునే వైపు సిద్ధం చేయాలి. కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని డిప్లాయ్ ఫైల్‌లో బ్రాంచ్ సెట్టింగుకు, రూబీలో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఉండే ఈఎన్‌వీ (ENV) నుంచి ఫెచ్ మెథడ్‌తో చదివిన విలువను ఇచ్చి, ఆ వేరియబుల్ లేకపోతే మెయిన్ తీసుకోమని రెండవ ఆర్గ్యుమెంటుగా రాయాలి. అయితే వేరియబుల్ ఉండి అందులో ఖాళీ స్ట్రింగ్ ఉంటే ఫెచ్ ఆ ఖాళీనే తెచ్చి ఇస్తుంది కాబట్టి, దానిని విడిగా పరీక్షించుకోవాలి. డిప్లాయ్ ఫైల్ తరువాతనే ఆ స్టేజికి విడిగా ఉండే స్టేజి ఫైల్ లోడ్ అవుతుందన్నదీ గుర్తుంచుకోవాలి. అక్కడ కూడా బ్రాంచ్ సెట్ చేసి ఉంటే, మీరు పంపిన విలువ చడీచప్పుడు లేకుండా పోతుంది.

పంపే వైపు, వేరే కమాండ్‌ను నడిపే రూబీ సిస్టమ్ మెథడ్ సరిపోతుంది. మొదటి ఆర్గ్యుమెంటుగా వేరియబుల్ పేరు (బ్రాంచ్), దాని విలువ ఉన్న హ్యాష్‌ను, ఆ తరువాత బండిల్, ఎగ్జెక్, క్యాప్, ప్రొడక్షన్, డిప్లాయ్ అనే మాటలను ఒక్కొక్కటి ఒక్కో స్ట్రింగ్‌గా ఇవ్వాలి. వీటన్నిటినీ కలిపి ఒకే పొడవైన స్ట్రింగ్‌గా కూర్చడం సులువుగా కనిపించినా, అది ప్రమాదకరం. గిట్ బ్రాంచి పేరులో సెమీకోలన్‌ను అనుమతిస్తుంది. అలాంటి పేరు, కమాండ్లను చదివి నడిపే షెల్ చేతికి చిక్కితే సెమీకోలన్ తరువాతి భాగం మరో కమాండ్‌గా నడుస్తుంది. విడివిడిగా ఇచ్చినప్పుడు షెల్ మధ్యలోకి రానే రాదు. హ్యాష్‌లోని విలువలు స్ట్రింగులే కావాలి. అంకెను నేరుగా ఇస్తే టైప్ ఎర్రర్ వస్తుంది, నిల్ ఇస్తే ఆ వేరియబుల్ తొలగిపోతుంది. డిప్లాయ్ విఫలమైనా సిస్టమ్ ఫాల్స్ ఇచ్చి ఊరుకుంటుంది కాబట్టి, రూబీ 2.6 నుంచి ఉన్న ఎక్సెప్షన్ ఆప్షన్‌ను ట్రూగా పెట్టడం మంచిది.

టాస్క్‌కే ఆర్గ్యుమెంట్ ఇవ్వాలంటే టాస్క్ పేరు వెంటనే చదరపు బ్రాకెట్లలో రాయవచ్చు. జెడ్‌షెల్ (zsh) అనే షెల్‌లో దీనికి కొటేషన్లు అవసరం, సిస్టమ్‌తో ఆ ఇబ్బంది లేదు. కానీ విలువలో కామా ఉంటే రేక్ దానిని రెండుగా విడగొడుతుంది.

కమాండ్ లైన్ ఆర్గ్యుమెంట్లు ఉండే ఏఆర్‌జీవీ (ARGV) అర్రేను మార్చి, కాపిస్ట్రానో అప్లికేషన్‌ను అదే ప్రాసెస్‌లో నడపడమూ సాధ్యమే. అయితే ఒకసారి నడిచిన టాస్క్‌ను రేక్ రెండవసారి ఇన్వోక్ చేస్తే నడపదు, డిప్లాయ్ విఫలమైతే మీ ప్రోగ్రామ్ కూడా దానితోపాటే ఆగిపోతుంది. కనుక వేరే ప్రాసెస్‌గా నడపడమే మేలు.

ఇలా పంపిన వేరియబుల్స్ మీ యంత్రంలోని కాపిస్ట్రానోకే అందుతాయి, సర్వర్‌లో నడిచే కమాండ్లకు వాటంతటవే చేరవు. అక్కడ కూడా కావాలంటే డిప్లాయ్ ఫైల్‌లో డిఫాల్ట్ ఈఎన్‌వీ సెట్టింగులో వాటిని చేర్చాలి.