యూనివర్సిటీ పరీక్షను డిజైనర్‌లా ఆలోచించి తయారు చేయడం ఎలా?

పేపర్ సెట్ చేయమనగానే చాలామంది అధ్యాపకులు ముందు పాత పేపర్లు బయటికి తీస్తారు. రెండు ప్రశ్నలు మార్చి, నాలుగు అంకెలు సవరిస్తే పని అయిపోతుంది. పేపర్‌ని కూడా డిజైన్ చేయాల్సిన వస్తువుగా చూస్తే మాత్రం ఒక షరతు దగ్గర మొదలుపెట్టాలి: విద్యార్థికి కష్టం సబ్జెక్టులో ఎదురవ్వాలి, పేపర్లో కాదు.

1. ఏం చూడాలో రాసుకోండి

కోర్సు అయ్యాక విద్యార్థి ఏం చేయగలగాలో ఐదారు వాక్యాల్లో రాయండి. ‘అర్థం చేసుకోవాలి’ అని రాస్తే లాభం లేదు, అది కంటికి కనిపించదు. లెక్కించాలి, పోల్చాలి, తప్పు పట్టుకోవాలి లాంటి మాటలు వాడండి.

2. మార్కుల పట్టిక వేయండి

నిలువుగా పాఠాలు, అడ్డంగా నైపుణ్యాలు, గళ్లలో మార్కులు. చదువులో సాధించాల్సిన నైపుణ్యాలకు అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో ఇచ్చిన వర్గీకరణలో ఆరు మెట్లున్నాయి. నన్నడిగితే గుర్తుంచుకోవడం, వాడటం, బేరీజు వేయడం అనే మూడు చాలు. పాత పేపర్‌ని ఈ పట్టికలో పెట్టి చూడండి. మార్కులన్నీ ‘గుర్తుంచుకోవడం’ కిందే పోగుపడితే, పిల్లలు బట్టీ పడుతున్నారని విసుక్కోవడం మానేయాలి. పేపరే ఆ పని చేయమంటోంది.

3. ప్రశ్న రాయండి

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. ‘ద్రవ్యోల్బణం అంటే ఏమిటి? వివరించండి’ అంటే నోట్సు తిరిగొస్తుంది. దాని బదులు ఇలా అడగండి: ‘జీతం 5 శాతం, ధరలు 8 శాతం పెరిగాయి. ఆ జీతంతో కొనగలిగేది ఎంత తగ్గింది?’ తీసివేసి 3 శాతం అన్నవారెవరో, 1.05ని 1.08తో భాగించి సుమారు 2.8 శాతం అని తేల్చినవారెవరో ఇట్టే తెలిసిపోతుంది. ఇలాంటి ప్రశ్నకు పుస్తకం చూసి రాయనిచ్చినా నష్టం లేదు.

ఒక ప్రశ్న జవాబు మీద తర్వాతి ప్రశ్న ఆధారపడితే, మొదట్లో దొర్లిన ఒక్క పొరపాటుకు మార్కులన్నీ పోతాయి. ‘పైన ఏ జవాబు వచ్చినా ఇక్కడ 40 అని తీసుకోండి’ అని ఒక్క వాక్యం చేర్చండి. ‘కిందివాటిలో సరికానిది కానిది ఏది’ లాంటి మెలికలు తీసేయండి.

బిట్ల విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోండి. నాలుగు ఆప్షన్లతో 40 బిట్లిస్తే, ఏమీ చదవకుండా గుడ్డిగా టిక్ పెట్టినా సగటున 10 కరెక్ట్ అవుతాయి. పాస్ మార్కు పెట్టేటప్పుడు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ఇక ‘ఏవైనా ఐదింటికి’ అనే ఛాయిస్. విద్యార్థులకు ఇష్టమే, నాకు మాత్రం నచ్చదు. ఒక్కొక్కరు ఒక్కో పరీక్ష రాసినట్టవుతుంది, మార్కులు పోల్చడానికి ఆధారం ఉండదు.

4. ముందే రాసి చూడండి

పేపర్ మొత్తం చేత్తో మీరే రాయండి. మీకు గంట పడితే విద్యార్థులకు మూడు గంటలైనా పట్టవచ్చు. వేగం సబ్జెక్టులో భాగం కానప్పుడు, టైమ్ చాలని పేపర్ చేతిరాత వేగాన్నే కొలుస్తుంది. ఆ తర్వాత ఈ కోర్సు చెప్పని సహోద్యోగికి ఇవ్వండి. ‘అంటే?’ అని ఆగిన చోటల్లా వాక్యం మార్చండి. మొహమాటపడని మనిషిని ఎంచుకుంటే ఇంకా మంచిది.

5. దిద్దడం

జవాబులో ఏ దశకు ఎన్ని మార్కులో పరీక్షకు ముందే తేల్చుకోండి. పేర్లు కనబడకుండా, అందరి మొదటి జవాబూ దిద్దాకే రెండోదానికి వెళ్లండి.

6. ప్రశ్నలకూ మార్కులు వేయండి

మొత్తం మార్కుల్లో పై 27 శాతం మందినీ, కింది 27 శాతం మందినీ విడదీయండి. 100 మంది రాస్తే గుంపుకు 27 మంది. ఒక బిట్‌ను పై గుంపులో 20 మంది, కింది గుంపులో 8 మంది సరిగ్గా రాస్తే, తేడా 12ని 27తో భాగించండి. 0.44 వస్తుంది, మంచి ప్రశ్నే. సున్నా దగ్గరికొస్తే బాగా వచ్చినవారినీ రానివారినీ ఆ ప్రశ్న వేరు చేయడం లేదు. మైనస్ వస్తే ముందు మీ కీ సరిచూసుకోండి. కీ సరైనదే అయితే ప్రశ్న వాక్యం మళ్లీ చదవండి. ఫలితాలు ప్రకటించేలోపే ఈ పని చేస్తే, ఆ ప్రశ్నను లెక్కలోంచి తీసేసే వీలుంటుంది.