సొంత పుట్టి కొన్నారా? తిరగకుండా నడపడం ఎలా

పుట్టి, అంటే గుండ్రటి బుట్ట పడవ, కొనడం దాకా అందరూ బాగానే చేస్తారు. బేరమాడి, ట్రాలీ ఆటోలో వేసుకొచ్చి, కొబ్బరికాయ కొట్టి నీళ్లల్లోకి తోస్తారు. ఆ తర్వాత అది గానుగెద్దులా ఉన్నచోటే తిరుగుతుంటే, ఒడ్డున బట్టలుతికేవాళ్లు నవ్వుతుంటే, తెడ్డు పడేసి "దీనికి మోటారు పెట్టాలె" అంటారు. పుట్టికి ఏ రోగమూ లేదు. తెడ్డు వేసే చోటే తప్పు.

సామాను సంగతి త్వరగా ముగిద్దాం. వెదురు పుట్టే కొనండి. ఫైబర్‌దానికి తారు పూసే పని ఉండదన్నది నిజమే కానీ, రాయి తగిలి పగిలితే అతికేవాడిని వెతుక్కోవాలి. వెదురుదానికి ప్లాస్టిక్ పట్టా ముక్క, కాస్త తారు ఉంటే మీరే అతుకు వేసుకోవచ్చు. పూర్వం తోలు కప్పేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కడుతున్నారు. తెడ్డు మీ భుజం ఎత్తు ఉండాలి. నీళ్లు తోడిపోయడానికి ఒక డబ్బా, ఒక తాడు, లైఫ్ జాకెట్. ఈత వచ్చినా జాకెట్ కట్టాల్సిందే, ఇందులో వాదనల్లేవు.

నేర్చుకోవడానికి ఊరి చెరువు చాలు. అక్కడి మత్స్య సహకార సంఘంవాళ్లకు ముందే ఒక మాట చెప్పండి, వలలు ఎక్కడ కట్టారో కూడా వాళ్లే చూపిస్తారు. కృష్ణలో మొదలుపెట్టొద్దు. వానాకాలంలో ఎగువన కర్ణాటకలోని ఆల్మట్టి, నారాయణపూర్ డ్యాముల గేట్లు ఎత్తితే పాలమూరులో చుక్క వాన లేకున్నా జూరాల ప్రాజెక్టుకు వరద వస్తుంది. నదిలో మొసళ్లూ ఉన్నాయి. ఆషాఢంలో పడమటి గాలి కొట్టే రోజుల్లో చెరువు జోలికి కూడా పోకండి. పొద్దున్నే దిగి ఎండెక్కకముందే ఒడ్డెక్కాలి. సాయంత్రం నేర్చుకుంటానన్నవాళ్లకు నేనైతే తెడ్డు ఇవ్వను.

ఎక్కేటప్పుడు పుట్టిని మోకాలి లోతు నీళ్లలో ఉంచి, అంచును రెండు చేతులా పట్టుకుని, కాలు నేరుగా నడిమధ్యలో పెట్టండి. అంచు తొక్కితే పుట్టి మీ మీదికే లేస్తుంది. ఎక్కగానే కూర్చోండి.

ఇక అసలు పని. పడవ పొడవుగా ఉంటుంది, దానికో ముక్కు ఉంటుంది, అందుకే పక్కన తెడ్డేసినా ముందుకు పోతుంది. గుండ్రటి పుట్టికి ముందూ వెనకా లేవు. కుడి పక్కన తెడ్డు వేసి వెనక్కి లాగితే గిర్రున ఎడమకు తిరుగుతుంది. కంగారుపడి ఎడమ పక్కన వేస్తే కుడికి తిరుగుతుంది. మార్చి మార్చి వేస్తే భుజాలు నొప్పి పుడతాయి తప్ప ఒడ్డు దూరం కాదు.

పోవాల్సిన వైపు ముఖం పెట్టి, ముందు అంచు దగ్గర మోకాళ్ల మీద కూర్చోండి. ఒక చేయి తెడ్డు పైకొసన, రెండోది కర్ర నడుమ. చేతులు చాచి తెడ్డును మీ ముక్కుకు సూటిగా, నిలువుగా నీళ్లలోకి దించండి. తెడ్డు పలక వెడల్పు భాగం మీ వైపు ఉండాలి. ఇప్పుడు నీళ్లను మీ వైపు లాక్కోండి. ఆ బలం పుట్టి నడిమధ్య గుండా పోతుంది కాబట్టి అది తిరగదు, ముందుకు జరుగుతుంది.

అంచుకు జానెడు దూరంలో ఆపండి. అక్కడే చాలామంది పాడుచేస్తారు: పలకను అలాగే ముందుకు నెట్టి, వచ్చిన దూరమంతా వెనక్కి పోగొట్టుకుంటారు. పలకను అడ్డం తిప్పి, దాని అంచుతో నీళ్లు కోస్తూ పక్క నుంచి ముందుకు తీసుకెళ్లాలి. ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి. తెడ్డు నీళ్లలో 8 అంకె గీస్తూ ఉంటుంది. పైకి తీయాల్సిన పనే లేదు, చప్పుడూ రాకూడదు.

పుట్టి కాస్త ఎడమకు తిరిగిపోతోందా? తర్వాతి లాగుడు నడిమికి కొంచెం ఎడమగా వేయండి, సర్దుకుంటుంది. ఎక్కువే తిరిగిపోతుంటే తెడ్డును నీళ్లలో దించి గట్టిగా పట్టుకోండి, అది ఆగాకే మళ్లీ మొదలుపెట్టండి. చూపు అవతలి ఒడ్డున ఏదో ఒక తాటిచెట్టు మీద ఉండాలి. తెడ్డును చూస్తూ కూర్చుంటే పుట్టి తిరిగిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

మీరు ముందు కూర్చుంటే ముందు అంచు కిందికి దిగుతుంది. వెనక ఇసుక సంచి కట్టండి, లేదా మనిషిని కూర్చోబెట్టండి. మనిషి అయితే కదలొద్దని ముందే చెప్పండి. సెల్ఫీ కోసం మీ పక్కకు వచ్చాడంటే ఇద్దరూ నీళ్లలోనే.

1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అక్కడి తోలు పుట్టీలు పదిహేను, ఇరవై మందిని మోస్తాయి గానీ తిన్నగా పోలేక తిరుగుతూనే ఉంటాయని రాశాడు. అంత బరువుకు ఇద్దరు తెడ్డేయాలి, ఇద్దరి బలం సమానంగా ఉండాలి. ఒకరు ఎక్కువ లాగితే తిరగక ఏం చేస్తుంది? తమిళనాడులోని హొగెనక్కల్ జలపాతం వీడియోల్లో గిరగిరా తిరిగేది పర్యాటకుల సరదా కోసం కావాలని తిప్పేది, అది చూసి నేర్చుకోకండి. మక్తల్ వైపు నుంచి కృష్ణ మధ్యలోని కురువపురం క్షేత్రానికి పుట్టిలో దాటినప్పుడు నడిపేవాళ్ల చేతులు చూడండి.

చేయి కుదిరాక కూడా మొదట గాలికి ఎదురుగా పొండి. అలసిపోయేసరికి గాలే ఒడ్డుకు తోస్తుంది. గాలివాటున ఉత్సాహంగా అవతలికి పోయినవాళ్లు పుట్టిని నెత్తిన పెట్టుకుని చెరువు కట్ట మీదుగా నడిచి వస్తుంటారు.

దిగాక పుట్టిని నీడలో బోర్లించి, కింద నాలుగు రాళ్లు పెట్టండి. నేల మీద వదిలేస్తే వెదురుకు చెదలు పడతాయి, ఎండలో వదిలేస్తే తారు కరుగుతుంది. కొత్త పూత వానలకు ముందే, పుట్టి పూర్తిగా ఎండాకే వేయాలి.