గ్యాస్ అయిపోలేదండీ, కారిపోయింది: ఎండలు ముదరక ముందే ఏసీ ఉన్నవాళ్ళకి కొన్ని జాగ్రత్తలు

పోయిన వారం మా వీధి చివర అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తు బాల్కనీలోంచి భగ్గుమని మంట లేచింది. ఏసీ చల్లబడటం లేదని పిలిస్తే వచ్చిన కుర్రాడు బయటి యూనిట్ దగ్గర రాగి గొట్టం అతుకుతున్నాడు. లైన్లో గ్యాస్ పూర్తిగా ఖాళీ చేయకుండానే బ్రేజింగ్ టార్చ్ వెలిగించాడు. అతని ముంజేయి కాలింది, పక్కన ఆరేసిన దుప్పటి కాలింది, దేవుడి దయవల్ల అంతటితో పోయింది. ఆ ఇంటావిడ అన్న మాట మాత్రం నా చెవిలో ఇంకా మోగుతోంది. "నిరుడు నింపించాం, అంతకు ముందేడు నింపించాం, ప్రతి వేసవికీ ఈ గ్యాస్ అయిపోతూనే ఉంటుందేంటండీ?"

బెజవాడ గవర్నర్‌పేటలో ఏసీలూ ఫ్రిజ్‌లూ బాగుచేస్తూ ఇరవై ఆరేళ్ళు గడిపాను. ఫిల్టర్ కడగండి, రిమోట్ బ్యాటరీ మార్చండి, తలుపులు మూయండి అని నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఒక్కటే, దాన్నే తిప్పి తిప్పి చెబుతాను, విసుక్కోకండి.

ఏసీలో గ్యాస్ స్కూటర్లో పెట్రోలు కాదు. వాడితే తరగదు. లోపలి యూనిట్లో గది వేడిని తీసుకుని, బయటి యూనిట్లో వదిలేసి, మళ్ళీ లోపలికి వస్తుంది. అదే గ్యాస్, అవే గొట్టాలు, ఎక్కడా తెరుచుకోని చుట్టు. కంపెనీలో నింపిన గ్యాసే పదేళ్ళయినా ఉండాలి. తగ్గిందంటే కారింది. కారిందంటే ఎక్కడో కన్నం ఉంది. కన్నం మూయకుండా గ్యాస్ నింపించడం చిల్లు కుండలో నీళ్ళు పోయడమే.

డబ్బు పోతే పోయింది అనుకుంటారు. పోయేది అది ఒక్కటే కాదు. కంప్రెసర్ లోపలి మోటారుని చల్లబరిచేది దానిలోంచి తిరిగే గ్యాసే. గ్యాస్ తగ్గినకొద్దీ మోటారు వేడెక్కుతుంది. కన్నంలోంచి గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కొంత కారిపోతుంది. మూడు వేసవులు ఇలా నెట్టుకొచ్చాక నాలుగో వేసవిలో కంప్రెసర్ మాడిపోతుంది. అప్పుడు మెకానిక్ చెప్పే రేటు వింటే కొత్త ఏసీ కొనుక్కోవడమే నయం అనిపిస్తుంది. ఇలా మూడేసి వేల చొప్పున పోసి, చివరికి ఏసీనే పాత ఇనపసామాన్ల వాడికి ఇచ్చేసినవాళ్ళని ఎంతమందిని చూశానో లెక్కలేదు.

ప్రమాదం సంగతి ఇంకోటి ఉంది. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 అనే గ్యాస్ అంటుకోదు. ఇప్పుడు మీ ఇళ్ళల్లో ఎక్కువగా ఉన్నది ఆర్-32. అది అంటుకుంటుంది. వంటగ్యాస్ అంత సులువుగా కాదు గానీ, టార్చ్ మంట తగిలితే చాలు. కాలినప్పుడు వచ్చే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పొగ పీలిస్తే ఊపిరితిత్తులు పుండవుతాయి. కొన్ని ఏసీల్లో ఆర్-290 ఉంటుంది, అది ప్రొపేన్, అంటే వంటగ్యాస్‌లో ఉండేదే. మీ ఏసీలో ఏ గ్యాస్ ఉందో, ఎన్ని గ్రాములో, బయటి యూనిట్ పక్కన అంటించిన కాగితం మీద ఉంటుంది. ఇవాళే ఫోటో తీసి పెట్టుకోండి. ఎండకి ఆ అక్షరాలు చెరిగిపోతాయి.

మెకానిక్‌ని పిలిచే ముందు

ముందు వేళ గమనించండి. మధ్యాహ్నం రెండింటికి చేతులెత్తేసి, రాత్రి పదకొండింటికి దుప్పటి కప్పుకునేంత చల్లబరిచే ఏసీలో చాలావరకు గ్యాస్ సమస్య కాదు. బయటి యూనిట్ వేడి వదల్లేకపోతోంది. ఏసీల సామర్థ్యం కొలిచేది బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు. మన బెజవాడ మే నెలలో 44, 45 చూస్తుంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, మూసేసిన యుటిలిటీ బాల్కనీలో, చుట్టూ బట్టలు ఆరేసి ఉన్న యూనిట్ పరిస్థితి ఆలోచించండి. తను వదిలిన వేడిగాలినే మళ్ళీ తను పీలుస్తుంటుంది. ఇబ్రహీంపట్నం వైపు థర్మల్ కేంద్రం బూడిద, ఆటోనగర్ దుమ్ము, గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల గాలిలో ఎగిరే పొడి, అన్నీ వెనక రెక్కల మధ్య అట్టకట్టి ఉంటాయి. అక్కడ కావలసింది నీళ్ళు. గ్యాస్ కాదు.

తర్వాత గొట్టాలు చూడండి. బయటి యూనిట్ పక్కన రెండు ఉంటాయి, ఒకటి సన్నం, ఒకటి లావు. మామూలు స్ప్లిట్ ఏసీలో సన్న గొట్టం మీద మంచు కట్టి, లావుది వెచ్చగా ఉంటే గ్యాస్ తగ్గినట్టే. లావు గొట్టం మీద మంచు పేరుకుంటే లోపలి యూనిట్‌కి గాలి ఆడటం లేదన్నమాట, అంటే ఫిల్టర్ గానీ బ్లోయర్ గానీ మూసుకుపోయింది. ఆ మంచుని స్క్రూడ్రైవర్‌తో గీకకండి. కూలింగ్ ఆపి ఫ్యాన్ మోడ్‌లో పెడితే అదే కరుగుతుంది. ఇక గొట్టం నట్టు దగ్గర నూనె మరక, దాని మీద దుమ్ము అంటుకుని నల్లగా కనిపిస్తే అక్కడే కన్నం. గ్యాస్ కంటికి కనపడదు గానీ నూనె కనపడుతుంది.

మూడోది, బయట ఫ్యాన్ తిరుగుతుంది, కంప్రెసర్ 'మ్మ్' అని మూలిగి టక్కున ఆగిపోతుంది. ఇన్వర్టర్ లేని ఏసీలో చాలాసార్లు ఇది కెపాసిటర్. మనవాళ్ళు దాన్ని కండెన్సర్ అంటారు, ఇక్కడే తమాషా. బయటి యూనిట్ వెనక ఉండే రెక్కల కాయిల్ కూడా కండెన్సరే. "కండెన్సర్ పోయిందండీ" అంటే ఏ కండెన్సర్ అని అడగండి. ఒకటి వందల్లో తేలిపోతుంది, ఇంకోటి వేలల్లో. చిన్నదే గదా అని మీరు మాత్రం ముట్టుకోకండి. కరెంటు తీసేశాక కూడా అది కరెంటు దాచుకుంటుంది.

ఓల్టేజీ కూడా చూడండి. సాయంత్రం ఏడింటికి వీధి మొత్తం ఏసీలు వేస్తే స్టెబిలైజర్ మీద అంకె ఎంతకి పడుతోందో గమనించండి. అందరిళ్ళలోనూ తక్కువుంటే 1912కి ఫోన్ చేయండి. ఆ ఫోన్ పని మెకానిక్‌తో కాదు.

మెకానిక్ వచ్చాక

రాగానే సిలిండర్ దించితే ఆపండి. కన్నం ఎక్కడ అని అడగండి. "గ్యాస్ నింపేసి వెళ్ళు బాబూ, లీకు సంగతి దసరాకి చూద్దాం" అనేది మీరే, నాకు తెలుసు. వాడు బేరానికి తలొంచుతాడు, ఎందుకంటే వేసవిలో రోజుకి పది ఇళ్ళు తిరగాలి. అందుకే ఆ మాట మీ నోటి నుంచి రాకూడదు.

వరస ఇది: నైట్రోజన్ నింపి ప్రెషర్ నిలుస్తుందో లేదో చూడాలి, సబ్బు నీళ్ళు రాసి బుడగ ఎక్కడ లేస్తోందో పట్టుకోవాలి, అక్కడ బాగుచేయాలి, మళ్ళీ నైట్రోజన్‌తో చూడాలి, వ్యాక్యూమ్ పంపు పెట్టి గాలీ తేమా లాగేయాలి, చివర్లో కాటా మీద సిలిండర్ పెట్టి కాగితం మీద ఉన్నన్ని గ్రాములే ఎక్కించాలి. పూట పని. పావుగంటలో అయిపోయిందంటే ఇందులో సగం జరగలేదు.

ఇక వరసపెట్టి చెప్పేస్తున్నా, గుర్తున్నది గుర్తున్నట్టు.

ఆక్సిజన్ సిలిండర్‌తో ప్రెషర్ పరీక్ష చేస్తానంటే ఇంట్లోంచి పంపేయండి. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్, కంప్రెసర్ నూనె కలిస్తే బాంబే.

లైన్లో గ్యాస్ ఉండగా మంట వద్దు.

బ్రేజింగ్ చేసేచోట బట్టలు, కర్టెన్లు, పాత పేపర్లు, పావురాల గూడు, అన్నీ తీసేయండి. బకెట్ ఇసుక పెట్టండి.

గదిలో గ్యాస్ కారిందని అనుమానం వస్తే దేవుడి గదిలో దీపం, అగరబత్తి, పొయ్యి ఆర్పండి. కిటికీలు తెరవండి. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, నేల మీద పరుచుకుంటుంది. చాప మీద పడుకోబెట్టిన పిల్లల్ని ముందు బయటికి తీసుకెళ్ళండి.

ఆర్-32 ఏసీలో ఇంకో గ్యాస్ ఎక్కించనివ్వకండి. "అన్నీ ఒకటేనండీ" అంటాడు. ఒకటి కాదు.

ఆర్-410ఏ అనే గ్యాస్ అయినా సగం కారినచోట అంచనాగా సగం కలపడం మంచిది కాదు. లోపల ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు. ఉన్నదంతా తీసేసి కొత్తగా ఎక్కించాలి.

మూత విప్పే ముందు ఎంసీబీ దించాలి. రిమోట్‌తో ఆపడం ఆపడం కాదు.

ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని పెద్దది వేయించకండి. అది పడేది మీ వైరు కాలకుండా.

ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. ప్లగ్ గోధుమరంగుకి తిరిగితే ఆ పూటే మార్పించండి. ఒకటిన్నర టన్నుకి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించండి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద నీళ్ళలో మునిగిన యూనిట్ ఇంకా వాడుతున్నారా? సింగ్‌నగర్, పాయకాపురం వాళ్ళకి చెబుతున్నా. రెక్కల్లో బురద గట్టిపడి ఉంటుంది, జాయింట్లు తుప్పు పట్టి ఉంటాయి. స్విచ్ వేయకముందే విప్పించండి, ఎర్త్ చూపించండి.

తాడు లేకుండా సన్‌షేడ్ మీదకి ఎవర్నీ దించకండి. మీ అబ్బాయినైతే అసలు వద్దు. మిట్టమధ్యాహ్నం వద్దు, పొద్దున్నే రమ్మనండి.

నిరుడు గ్యాస్ నింపించినవాళ్ళు ఈ ఏడు మళ్ళీ నింపించకండి. ముందు కన్నం.

అంతకు ముందేడూ నింపించారా? అయినా ముందు కన్నమే.

బిల్లు మీద 'గ్యాస్ ఫిల్లింగ్' అని ఒక్క ముక్క రాసిస్తే డబ్బులివ్వకండి. కన్నం ఎక్కడ దొరికింది, ఎలా మూశాడు, ఎన్ని గ్రాములు ఎక్కించాడు, మూడూ రాయమనండి.