పేక వదిలిన చేతులు

పదకొండేళ్లు జూదమే నా వృత్తి. బ్లాక్‌జాక్ అనే పేకాటలో పడిపోయిన ముక్కలను గుర్తుపెట్టుకుని, లెక్క నావైపు మొగ్గినప్పుడే పందెం పెంచేవాడిని. అందులో నిజంగానే సంపాదించాను. ఆ డబ్బంతా పోయింది మాత్రం రూలెట్ బల్ల దగ్గర. బంతి పడే చక్రంలో 37 గళ్లు, కాసిన అంకె తగిలితే పందెం సొమ్ము కాక వచ్చేది 35 రెట్లే. అంటే కాసిన ప్రతి 100లో సగటున 2.7 ఆట నడిపేవాడిదే. ఈ లెక్క నాకు కంఠతా వచ్చు. అయినా తెల్లవారేదాకా అక్కడే నిలబడేవాడిని.

మానేస్తానని ఎన్ని ఒట్లు పెట్టుకున్నానో! (నిలబెట్టుకోనని పందెం కాసి ఉంటే ప్రతిసారీ గెలిచేవాడిని.) ఒట్టు పనిచేయలేదు, అడ్డుగోడ పనిచేసింది. ఆటశాలల్లోకి నన్ను రానివ్వవద్దని నేనే రాసిచ్చాను. బ్యాంకు కార్డులు నా భార్య చేతికి వెళ్లాయి. రోజు ఖర్చుకు ఆమెను అడగాలి; మొదటి నెల అంతకన్నా అవమానం లేదనిపించింది. తర్వాత ఇద్దరం కూర్చుని అప్పుల చిట్టా రాశాం. అంతవరకు దాచిన రెండు పేర్లను చివర్లో చిన్న అక్షరాలతో రాశాను. ఆమె వాటికింద గీత గీసి, “ముందు వీళ్లకే తీర్చాలి” అంది.

జూదం మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే గ్యాంబ్లర్స్ అనానిమస్ 1957లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది; ఆ సమావేశాలకూ వెళ్లాను. “నాకు లెక్క తెలుసు” అనగానే అందరూ నవ్వారు. వాళ్లకూ తెలుసు మరి.

కోరిక ఇప్పటికీ వస్తుంది. గడియారం చూసుకుంటాను, అరగంటలో చల్లబడుతుంది. చేతులు మాత్రం మాట వినవు. నాలుగు విజిటింగ్ కార్డులు దొరికినా కలిపేస్తుంటాయి.