వెబ్ కాంపోనెంట్ టెస్టులు: ఎక్కడ నడపాలి, ఎలా అమర్చాలి

వెబ్ కాంపోనెంట్‌కు, అంటే సొంత హెచ్‌టీఎంఎల్ ట్యాగుగా తయారుచేసుకున్న పేజీ భాగానికి, టెస్టింగ్ ఫ్రేమ్‌వర్క్‌ను ఎంచుకునేటప్పుడు, టెస్టులు రాసే శైలి కంటే ముందు అవి నిజమైన బ్రౌజర్‌లో నడుస్తాయా, లేక నోడ్‌లో (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ను నడిపే ప్రోగ్రామ్‌లో) అనుకరించిన డామ్‌పై (పేజీలోని ఎలిమెంట్ల వృక్షంపై) నడుస్తాయా అన్నది చూడాలి. అలాంటి అనుకరణ అయిన జేఎస్‌డామ్ కస్టమ్ ఎలిమెంట్లను (సొంత ట్యాగులను), షాడో డామ్‌ను (కాంపోనెంట్ లోపల విడిగా ఉండే డామ్‌ను) అర్థం చేసుకుంటుంది గానీ లేఅవుట్‌ను లెక్కించదు. ఎలిమెంట్ కొలతలు అడిగితే సున్నాలే వస్తాయి కనుక, మెనూ సరైన చోట తెరుచుకుందా అన్న పరీక్షకు అక్కడ అర్థమే ఉండదు. అలాంటి పరీక్షలకు నిజమైన బ్రౌజర్ కావాలి; అందులో టెస్టులు నడిపే వెబ్ టెస్ట్ రన్నర్, వీటెస్ట్ బ్రౌజర్ మోడ్ రెండూ ఇందుకు తగినవే. ప్రాజెక్టులో ఇప్పటికే వీట్ అనే బిల్డ్ సాధనం ఉంటే నా మొగ్గు రెండోదాని వైపు.

టెస్టు ఫైలును కాంపోనెంట్ ఫైలు పక్కనే ఉంచి, లోపలి పరీక్షలను యాట్రిబ్యూట్లు, ప్రాపర్టీలు, ఈవెంట్లు, స్లాట్లు (బయటి నుంచి ఇచ్చే కంటెంట్ చేరే చోట్లు), కీబోర్డు వాడకం అనే క్రమంలో, అంటే దాన్ని వాడేవారికి బయటి నుంచి కనిపించే విషయాల వారీగా విభజించడం మేలు. షాడో రూట్ (షాడో డామ్‌కు మూలం) లోపలి క్లాసు పేర్లపై ఆధారపడిన టెస్టులు, ప్రవర్తన ఏమీ మారకపోయినా, మార్కప్‌ను కాస్త సవరించగానే విఫలమవుతాయి. ఈవెంట్ల పరీక్షలో శ్రోతను (ఈవెంట్ కోసం వేచి ఉండే ఫంక్షన్‌ను) హోస్ట్ ఎలిమెంట్ (షాడో డామ్‌ను మోసే ట్యాగు) బయట పెట్టండి. కాంపోనెంట్ లోపల పుట్టి, కంపోజ్డ్ (సరిహద్దు దాటగలది) అని ప్రకటించని ఈవెంట్ షాడో సరిహద్దు దాటదన్న సంగతి అప్పుడే బయటపడుతుంది.

వెబ్ కాంపోనెంట్లు రాయడానికి లిట్ అనే లైబ్రరీ వాడేవారు ప్రాపర్టీ మార్చిన తరువాత, ఊహించిన వ్యవధి టైమర్లకు బదులు, మార్పు తెరపైకి చేరిందని తెలిపే అప్‌డేట్‌కంప్లీట్ ప్రామిస్ కోసం వేచి చూడాలి. ఒకసారి నమోదైన ట్యాగు పేరును అదే పేజీలో మళ్లీ నమోదు చేయడం గానీ రద్దు చేయడం గానీ సాధ్యం కాదు కాబట్టి, టెస్టుల కోసమే సృష్టించే ఉపక్లాసులకు ప్రతిసారీ కొత్త పేరు ఇవ్వాలి.