టాల్ లాగా ఎటాక్ ఆడాలంటే ఎలా నేర్చుకోవాలి

మొన్న ఆదివారం మా అక్క కొడుకుని ఒక వన్ డే చెస్ టోర్నమెంట్‌కి తీసుకెళ్ళా, ఇక్కడ చెన్నైలో ఏదో ఒక స్కూల్ హాల్లో ఇవి జరుగుతూనే ఉంటాయి కదా, పిల్లలు లోపల, మనం బయట చెట్టు కింద పులిహోర డబ్బాలు పట్టుకుని. మూడో రౌండ్ అవగానే వాడు పరిగెత్తుకొచ్చి "మామా, టాల్ లాగా బిషప్ సాక్రిఫైస్ చేశా, కానీ ఓడిపోయా" అన్నాడు, కళ్ళల్లో నీళ్ళు. సాక్రిఫైస్ అంటే ఎటాక్ కోసం కావాలనే పావుని వదులుకోవడం. స్కోర్ షీట్ తీసుకుని మెట్ల మీద కూర్చుని చూస్తే ఒక్క నిమిషంలో విషయం తెలిసిపోయింది. హెచ్7 గడి (గళ్ళకి ఇలా అక్షరం, అంకె కలిపి పేర్లు) మీద బిషప్ వేసి చెక్ చెప్పాడు, రాజు దాన్ని కొట్టేశాడు, ఆ తర్వాత జీ5కి దూకాల్సిన గుర్రం అసలు బోర్డు మీద లేదు, దాన్ని ఆరు ఎత్తుల ముందే మార్చేసుకున్నాడు. ఎటాక్‌కి వెళ్ళింది ఒక్క బిషప్, ఇంట్లో కూర్చుని చూసినవి ఐదు పావులు.

వాడిని తప్పుపట్టలేను. పాతకాలపు వరల్డ్ ఛాంపియన్ టాల్ అనగానే చిన్న చిన్న వీడియోల్లో ఆ ఒక్క సాక్రిఫైస్ ఎత్తే చూపిస్తారు, అంతకు ముందు ఇరవై ఎత్తులు ఆయన ఏం పేర్చుకుంటూ వచ్చాడో ఎవరూ చూపించరు. నేను రెండేళ్ళుగా పెరంబూరులో మా అపార్ట్‌మెంట్ పిల్లల్ని శనివారం సాయంత్రం కూర్చోబెట్టి టాల్ ఆటలే ఆడిస్తున్నా, ఎక్కువమంది నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మన తెలుగిళ్ళ పిల్లలే, వాళ్ళతో చేసి చేసి కుదిరిన పద్ధతి ఇది, ఇంట్లో చెస్ ఆడే పిల్లలున్నవాళ్ళకి, మీరే ఆడుతుంటే మీకూ పనికొస్తుందని రాస్తున్నా.

ముందు ఆయన గురించి కొంచెం తెలియాలి. మిఖాయిల్ టాల్, 1936లో రీగాలో పుట్టాడు, లాట్వియా. పుట్టుకతోనే కుడి చేతికి మూడే వేళ్ళు, జీవితమంతా కిడ్నీ జబ్బు. 20 ఏళ్ళకే 1957లో సోవియట్ ఛాంపియన్ అయ్యాడు, మరుసటి ఏడు మళ్ళీ అయ్యాడు, 1959 క్యాండిడేట్స్ (వరల్డ్ ఛాంపియన్‌తో ఎవరు ఆడాలో తేల్చే పోటీ) గెలిచాడు, అందులో, తర్వాత వరల్డ్ ఛాంపియన్ అయిన కుర్రాడు ఫిషర్‌తో ఆడిన నాలుగు ఆటలూ నాలుగూ గెలిచాడు. 1960లో మాస్కోలో అప్పటి వరల్డ్ ఛాంపియన్ బోట్విన్నిక్‌ని 12.5–8.5తో ఓడించి 23 ఏళ్ళకే వరల్డ్ ఛాంపియన్, అప్పటికి అంత చిన్న వయసులో ఎవరూ కాలేదు. ఆ రికార్డు తర్వాత కాస్పరోవ్ దగ్గరికి, 2024లో మన చెన్నై తెలుగింటి అబ్బాయి గుకేశ్ దగ్గరికి వచ్చింది, అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఇంకో సంగతి, చెన్నైకి టాల్‌తో చుట్టరికం పాతదే, ఇక్కడి సోవియట్ కల్చరల్ సెంటర్లో మన దేశపు మొదటి ఇంటర్నేషనల్ మాస్టర్ మాన్యువల్ ఆరన్ గారు నడిపిన చెస్ క్లబ్ పేరే టాల్ చెస్ క్లబ్, ఆనంద్ చిన్నప్పుడు ఆడింది అక్కడే, గెలిచినవాడు బోర్డు దగ్గర కూర్చునే ఉంటాడు, ఓడినవాడు లేచి మళ్ళీ క్యూలో నిలబడాలి, అలా బ్లిట్జ్ (నిమిషాల్లో అయిపోయే వేగం ఆట) ఆడి ఆడి ఆనంద్ చేతికి ఆ స్పీడ్ వచ్చింది.

సరే, పద్ధతికి వద్దాం. మొదట ఒక నిజమైన బోర్డు కావాలి, ఫోన్ వద్దు. లిచెస్, చెస్ డాట్ కామ్ వెబ్‌సైట్లలో ఆటలన్నీ దొరుకుతాయి, ఎత్తుల లిస్ట్ అక్కడి నుంచి కాగితం మీద ప్రింట్ తీసుకోండి, ఇంజిన్ (ఎత్తులు లెక్కేసి చెప్పే ప్రోగ్రామ్) జోలికి మాత్రం పోకండి. ఆ కాగితం మీద పాత క్యాలెండర్ షీట్ ఒకటి కప్పి ఒక్కొక్క లైనే కిందకి జరుపుతూ పోవాలి. మొదటి పది పన్నెండు ఎత్తులు చకచకా వేసేయండి, అక్కడి నుంచి టాల్ వంతు వచ్చినప్పుడల్లా మూడు నిమిషాలు ఆగి, మీరైతే ఏం వేస్తారో ఎందుకు వేస్తారో నోట్‌బుక్‌లో ఒక లైన్ రాసి, ఆ తర్వాతే షీట్ జరిపి ఆయన ఏం వేశాడో చూడాలి. ఒక ఆటకి గంటన్నర పడుతుంది. పిల్లలు మొదట్లో విసుక్కుంటారు, మూడో వారం నుంచి వాళ్ళ ఎత్తూ టాల్ ఎత్తూ ఒక్కటైతే హాలంతా అరుపులే.

మొదటి ఆటగా నేను ఎప్పుడూ 1960 మ్యాచ్ ఆరో గేమ్ తీసుకుంటా, బోట్విన్నిక్ తెల్ల పావులు, టాల్ నల్ల, ఓపెనింగ్ కింగ్స్ ఇండియన్. 21వ ఎత్తులో టాల్ హెచ్5లో ఉన్న గుర్రాన్ని ఎఫ్4లో పెట్టాడు, బంటు కొట్టేసే చోట, ఊరికే. హాల్లో జనం ఎంత గోల చేశారంటే చివరికి ఆ ఇద్దర్నీ స్టేజి వెనక గదిలోకి మార్చి అక్కడ ఆడించాల్సి వచ్చింది. కానీ పిల్లలకి నేను చూపించేది గుర్రాన్ని కాదు, గుర్రం దూకే ముందు మిగతా పావులు ఎక్కడున్నాయో అది. బోర్డు మీద పెట్టి చూడండి, రెండు ఏనుగులూ సీ ఫైల్‌లో (నిలువు వరసలో) ఒకదాని వెనక ఒకటి, మంత్రి బీ4లో బీ2 బంటు మీద కన్నేసి, ఒక బిషప్ ఎఫ్5లో, ఇంకో బిషప్ జీ7లో. నల్ల వైపు పనిలేని పావు ఒక్కటి కూడా లేదు. ఆ జీ7 బిషప్‌కి మాత్రం ఎదురుగా సొంత ఈ5 బంటే అడ్డం, గుర్రాన్ని తెల్ల బంటు కొట్టగానే ఈ5 బంటు వెళ్ళి ఎఫ్4లో కొడుతుంది, అంతే, బిషప్ దారి సీ3లోని తెల్ల గుర్రం దాకా తెరుచుకుంది. అంటే గుర్రం ఇచ్చి ఒక మూసుకుపోయిన బిషప్‌ని బతికించుకున్నాడు. తర్వాత తీరిగ్గా చేసిన విశ్లేషణలో 25వ ఎత్తుకి బోట్విన్నిక్ ఎఫ్3 బంటుని బిషప్‌తో కొట్టి ఉంటే తెల్లకే మంచిదని తేలింది, కానీ గడియారం తిరుగుతుంటే ఆయన ఏనుగుతో మంత్రిని కొట్టాడు, 46వ ఎత్తుకి ఆట టాల్‌ది అయిపోయింది.

ఇక్కడే పిల్లలకి ఒక లెక్క నేర్పిస్తా, ఇది నా దృష్టిలో మొత్తం పద్ధతికి వెన్నెముక. సాక్రిఫైస్ చేయాలనిపించిన ప్రతిసారీ చెయ్యి తొడ కింద పెట్టుకుని, ఎదుటి రాజు చుట్టూ మన పావులు ఎన్ని చేరగలవు, కాపాడటానికి వాళ్ళవి ఎన్ని రాగలవు అని లెక్కేయాలి, రెండు ఎత్తుల్లో అక్కడికి చేరలేని పావుని లెక్కలోకే తీసుకోవద్దు. మనవి వాళ్ళవాటికంటే కనీసం రెండు ఎక్కువ ఉంటేనే ఆలోచన ముందుకి. తక్కువుంటే సాక్రిఫైస్ వద్దు, ఆ పనిలేని పావుని తీసుకొచ్చే ఎత్తు వేయండి, ఎటాక్ అంటే చాలాసార్లు అదే.

మా వాడి హెచ్7 బిషప్ సంగతే తీసుకోండి, అది క్లబ్ ఆటల్లో అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే పొజిషన్, కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. బిషప్ డీ3లో, గుర్రం ఎఫ్3లో, మంత్రి డీ1లో, సీ1 బిషప్‌కి జీ5 దాకా దారి ఖాళీగా ఉండాలి. ఎదుటివాడి ఎఫ్6లో గుర్రం ఉండకూడదు, ఉంటే హెచ్7ని అదే కాపాడుతుంది, మన ఈ5 బంటు దాన్ని ముందే తరిమేసి ఉండాలి. బిషప్ చెక్, రాజు కొట్టాడు, గుర్రం జీ5 చెక్. ఇప్పుడు రాజుకి ముఖ్యంగా మూడు దారులు, మూడూ ముందే చూసుకున్నాకే బిషప్‌ని ముట్టుకోవాలి. జీ8కి వెనక్కిపోతే మంత్రి హెచ్5, హెచ్7 మీద మేట్ బెదిరింపు. హెచ్6కి వస్తే గుర్రం ఎఫ్7 బంటుని కొడుతుంది, గుర్రం చెక్, వెనక సీ1 బిషప్ చెక్, డబుల్ చెక్ కాబట్టి రాజు కదిలే తీరాలి, డీ8లో మంత్రి ఉంటే అదీ పోయినట్టే. అసలు కష్టం జీ6కి ఎదురొచ్చినప్పుడు, అక్కడ మంత్రి జీ4 వేయాలా హెచ్4 బంటు తోయాలా అన్నది పొజిషన్‌ని బట్టి మారుతుంది, ఎదుటివాడు ఎఫ్5 తోస్తే ఏం చేస్తామో కూడా తెలిసుండాలి. ఈ మూడో దారికి జవాబు లేకపోతే ఆ సాక్రిఫైస్ ఇంకా పచ్చిగానే ఉందని అర్థం. మా వాడికి ఆ మెట్ల మీదే డబ్బా మూత తిరగేసి పెన్నుతో గీసి చూపించా, నాలుగో రౌండ్‌కి లోపలికి పోయేటప్పుడు "మామా, జీ6, జీ6" అని గొణుక్కుంటూ పోయాడు.

ఇలా చివరిదాకా లెక్కేయగలిగే సాక్రిఫైస్‌లు ఒక రకం. రెండో రకం ఎవరూ చివరిదాకా లెక్కేయలేనివి, టాల్ గొప్పతనమంతా అక్కడే. దానికి 1965 క్యాండిడేట్స్ సెమీఫైనల్, డెన్మార్క్ గ్రాండ్‌మాస్టర్ లార్సెన్‌తో పదో గేమ్ పెట్టుకోండి. అప్పటికి 4.5–4.5 సమానం, ఇదే ఆఖరి ఆట, ఓడినవాడు ఇంటికి. లార్సెన్ బీ4 తోసి సీ3 గుర్రాన్ని తరిమాడు, మామూలుగా ఎవరైనా గుర్రాన్ని వెనక్కి లాగుతారు, టాల్ 16వ ఎత్తులో దాన్ని డీ5లో, ఎదుటి బంటు నోట్లో పెట్టాడు. నేను పిల్లల చేత నోట్‌బుక్‌లో "గుర్రం ఇచ్చి ఏం కొన్నాడు" అని హెడ్డింగ్ పెట్టించి రాయిస్తా. 'ఈ' అక్షరం ఫైల్ తెరుచుకుంది, డీ3 బిషప్‌కి హెచ్7 దాకా దారి వచ్చింది, డీ4 బిషప్ అప్పటికే జీ7 మీద గురి పెట్టి ఉంది, నల్ల మంత్రి బీ8లో, ఏనుగు ఏ8లో, బిషప్ సీ8లో, మూడూ రాజుకి చాలా దూరం. ఇన్ని కొన్నప్పుడు గుర్రం ధర ఎక్కువేం కాదు. లార్సెన్ ఎఫ్5 వేశాడు, జీ6 వేసి ఉంటే ఇంకా గట్టిగా నిలబడేవాడని తర్వాత చెప్పారు, కానీ బోర్డు ముందు కూర్చుని అది కనిపెట్టాల్సిన భారం లార్సెన్ మీద పడింది, టాల్ మీద కాదు. 37వ ఎత్తుకి ఆట అయిపోయింది.

ఆ భారం ఎవరి మీద ఉందన్నది చూసుకోవడం నేర్పాలి పిల్లలకి. ఎదుటివాడికి ఒకే ఒక్క సరైన జవాబు ఉండి, అది కంటికి ఆనని జవాబైతే, అతని గడియారంలో టైమ్ కూడా తక్కువుంటే, సందేహం ఉన్న సాక్రిఫైస్ కూడా ఆడొచ్చు. జవాబు సులువుగా దొరికేదైతే ఆడొద్దు. అందుకే ఇంజిన్‌ని చివర్లోనే తెరవమంటా, ఇంజిన్ ప్లస్ మైనస్ నంబర్ చూపిస్తుంది, ఆ జవాబు మనిషికి ఎంత కష్టమో చూపించదు. టాల్ చూపు పడితేనే ఆట పాడవుతుందని భయపడి 1959లో బెంకో అనే గ్రాండ్‌మాస్టర్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకొచ్చి ఆడాడు, అయినా గెలవలేకపోయాడు. భయం చూపులో లేదు, ప్రతి ఎత్తుకీ ఒక కొత్త ప్రశ్న వేయడంలో ఉంది.

ఓడిన ఆటలు కూడా తప్పకుండా చూపించండి, చాలామంది దీన్ని వదిలేస్తారు. 1961 రిటర్న్ మ్యాచ్‌లో బోట్విన్నిక్ 13–8తో టైటిల్ వెనక్కి తీసుకున్నాడు, టాల్ ఆరోగ్యం బాగాలేదు అది నిజమే, కానీ బోట్విన్నిక్ కూడా ఏడాదంతా కూర్చుని తయారై వచ్చాడు, మంత్రుల్ని మార్చేసి ఎండ్‌గేమ్‌లోకి (కొన్ని పావులే మిగిలిన చివరి దశలోకి) లాక్కుపోయాడు. మీ పిల్లలు ఎటాక్ ఆడటం మొదలుపెట్టాక అందరూ వాళ్ళ మీద ఇదే చేస్తారు, కాబట్టి వారంలో ఒక రోజు ఏనుగు ఎండ్‌గేమ్‌కి పెట్టండి. టాల్ కూడా మారాడు, 1973–74లో వరసగా 95 ఆటలు ఓడకుండా ఆడాడు, అందులో 46 గెలుపులు. ఊరికే పావులు పారేసేవాడికి అది సాధ్యమేనా?

బ్లిట్జ్ సంగతి అడుగుతారు అందరూ. టాల్ 51 ఏళ్ళ వయసులో, 1988లో సెయింట్ జాన్‌లో వరల్డ్ బ్లిట్జ్ గెలిచాడు, చనిపోవడానికి నెల ముందు, 1992 మేలో, హాస్పిటల్ నుంచి వచ్చి మాస్కోలో బ్లిట్జ్‌లో కాస్పరోవ్‌ని ఓడించాడు. అది చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. కానీ పిల్లలకి ముందు నెమ్మది ఆట రావాలి, అందుకని మా దగ్గర రూల్ ఏంటంటే గంటన్నర టాల్ ఆట చూశాకే ఐదు నిమిషాల గేమ్‌లు, అవీ టాల్ క్లబ్ పద్ధతిలోనే, గెలిచినవాడు కూర్చుంటాడు, ఓడినవాడు లేస్తాడు.

ఈ వారం మొదలుపెట్టాలనుకుంటే లార్సెన్ ఆట 15వ ఎత్తు దగ్గర ఆపండి. తెల్ల: రాజు సీ1, మంత్రి ఎఫ్3, ఏనుగులు డీ1, హెచ్1, బిషప్‌లు డీ3, డీ4, గుర్రం సీ3, బంట్లు ఏ2, బీ2, సీ2, ఈ4, ఎఫ్4, జీ5, హెచ్2. నల్ల: రాజు జీ8, మంత్రి బీ8, ఏనుగులు ఏ8, ఎఫ్8, బిషప్‌లు సీ8, ఈ7, గుర్రం డీ7, బంట్లు ఏ6, బీ4, డీ6, ఈ6, ఎఫ్7, జీ7, హెచ్7. డీ5లో గుర్రం పెట్టి, నల్ల వైపు ఒకరు, తెల్ల వైపు ఒకరు కూర్చుని పావుగంట గడియారంతో ఆడండి, తర్వాత వైపులు మార్చుకుని మళ్ళీ ఆడండి. నల్ల వైపు కూర్చున్నవాళ్ళు మొదటి జవాబుకి ఎన్ని నిమిషాలు తీసుకున్నారో నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి.